రాగిరేకుల పాటకు రాళ్లపల్లి బాణీ

హిందూపురం: పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే హిందూపురం కల్యాణమండపాల ముందు రెండు మేళాలు కనిపిస్తాయి. లోపల సన్నాయి, డోలు. బయట క్లారినెట్లు, ట్రంపెట్లు, డ్రమ్ములతో బ్యాండుమేళం. మూడు ముళ్లు పడేదాకా సన్నాయివారిది పైచేయి. వూరేగింపు కదిలిందంటే బ్యాండువారిది రాజ్యం. ఇద్దరూ వాయించే పాటల్లో అన్నమయ్య పాట ఒకటైనా వుండక తప్పదు. భోజనాల దగ్గర కూచున్న పెద్దాయన తల పంకిస్తూ "ఎంత బాగా పాడినాడప్పా అన్నమయ్య!" అంటాడు.

ఆ మాటలో సగమే నిజం. మాటలు అన్నమయ్యవి. బాణీ అన్నమయ్యది కాదు. అన్నమయ్య 1503లో స్వామివారిలో ఐక్యమైనాడు. ఆయన నోట ఆ పాట ఎలా నడిచిందో చెప్పగల గొంతు నేడు భూమి మీద లేదు. ఇప్పుడు మనం వింటున్న బాణీలన్నీ 20వ శతాబ్దంలో, ఆ తర్వాత కట్టినవి. అలా కట్టడానికి ముందుగా పూనుకున్న పండితులలో ముఖ్యుడు అనంతపురం జిల్లా మనిషి. కంబదూరు దగ్గరి రాళ్లపల్లిలో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు. నూరుకు పైగా అన్నమయ్య పాటలను ఆయన స్వరపరచి, ఎవరైనా పాడుకునేలా కాగితం మీద పెట్టారు. ఆయన పేరు మాత్రం ఏ పెళ్లి మైకులోనూ వినిపించదు.

సర్వే నంబరు వుంది, హద్దురాళ్లు లేవు

తాళ్లపాక అన్నమాచార్యులు 1408లో తాళ్లపాకలో పుట్టారు. పదహారో ఏట నుంచి, అంటే 1424 నుంచి, కడదాకా వేంకటేశ్వరుని మీద పాటలు చెబుతూ వచ్చారు. మొత్తం 32 వేలు చెప్పారని ఆ ఇంటివారే రాసి పెట్టారు. వాటిలో మనకు దక్కినవి దాదాపు 14 వేలు. ఆ మాత్రమైనా దక్కడానికి కారణం ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యులు. తండ్రి పాటలను తాటాకుల మీద వదిలేయకుండా రాగిరేకుల మీద చెక్కించారు. ఆ రేకులను తిరుమల గుడిలో హుండీకి ఎదురుగా వున్న చిన్న గదిలో దాచారు. ఆ గదికి సంకీర్తన భాండారం అని పేరు.

రాగి చెదలు పట్టదు, నీటికి నానదు. మాట భద్రంగా వుండిపోయింది. అయితే ఆ రేకు మీద పాట తలకట్టున రాగం పేరు మాత్రమే వుంది. శంకరాభరణం, బౌళి, సామంతం, ముఖారి, ఆహిరి, దేసాక్షి, గుండక్రియ అని రాసి వుంటుంది. స్వరం లేదు. ఏ అక్షరం దగ్గర గొంతు లేవాలో, ఎక్కడ దిగాలో లేదు.

రైతుకు అర్థమయ్యే మాట చెప్పాలంటే, పాసుపుస్తకంలో సర్వే నంబరు వుండి పొలంలో హద్దురాళ్లు లేనట్టు. భూమి వున్న మాట నిజం. ఎక్కడి నుంచి ఎక్కడికి అంటే చూపించేవాడు లేడు.

పైగా రాగాలు కూడా ఒకచోట నిలిచి వుండేవి కావు. నేటి విద్వాంసులు లెక్కపెట్టే 72 మేళకర్తల పద్ధతిని వేంకటమఖి 17వ శతాబ్దంలో ఏర్పరిచాడు. అన్నమయ్య పోయిన తర్వాత నూరేళ్లకు పైగా గడిచాక సంగతి అది. త్యాగయ్య పుట్టింది 1767లో. ఈ నడిమి కాలంలో కొన్ని రాగాలు పేరు మిగుల్చుకుని రూపం మార్చుకున్నాయి. కొన్ని వాడుక తప్పాయి. కనుక రేకు మీద 'ముఖారి' అని వున్నంత మాత్రాన నేటి ముఖారి అందుకుంటే అది అన్నమయ్య ముఖారి అవుతుందన్న పూచీ లేదు. బాణీ కట్టబోయేవాడు ఈ సంగతి తెలిసి కట్టాలి. తెలియక కట్టేవాడికి చిక్కే లేదు.

సంకెళ్లు వేసింది పెనుకొండలోనే

పెనుకొండ వారికి ఈ పాటలతో మరో లంకె వుంది. 1997లో వచ్చిన 'అన్నమయ్య' సినిమా చూసినవారికి సాళువ నరసింగరాయలు ఆయనను చెరసాలలో వేయించిన ఘట్టం గుర్తుండే వుంటుంది. అది సినిమావారు అల్లిన కథ కాదు. అన్నమయ్య మనుమడు చిన్నన్న ద్విపదలో రాసిన తాతగారి చరిత్రలో వున్నది. నరసింగరాయలు అన్నమయ్యను తన దగ్గరకు పిలిపించుకున్నాడు. వేంకటేశ్వరుని మీద ఆయన చెప్పిన శృంగార కీర్తన విని మురిసిపోయి, తన మీద కూడా అటువంటిది ఒకటి చెప్పమన్నాడు. హరిని పొగిడే నోటితో నరుని పొగడనని అన్నమయ్య చెవులు మూసుకున్నాడు. రాజుకు కోపం వచ్చింది, సంకెళ్లు వేయించాడు. అన్నమయ్య స్వామిని తలచి పాడగా సంకెళ్లు వూడిపోయాయని చిన్నన్న చెప్పిన కథ. ఇది జరిగింది పెనుకొండలోనని సంప్రదాయం.

పాట చెప్పనన్నందుకు ఒక కవిని బంధించిన వూరు అది. నాలుగు వందల ఏళ్ల తర్వాత ఆ కవి పాటలకు గొంతు ఇచ్చిన మనిషి ఆ కొండకు ఎంతో దూరం కాని పల్లెలో పుట్టాడు. ఆ మనిషే పెనుకొండ కొండ మీద ఒక పాట కూడా కట్టాడు. తెలుగువారి పాత పౌరుషానికి ఆ కొండను గుర్తుగా నిలిపిన ఆ పాటను పాత తరం పంతుళ్లు బడిలో పిల్లల చేత పాడించేవారు.

తల్లి పేరు అలమేలుమంగమ్మ

శర్మగారు 1893 జనవరి 23న పుట్టారు. తండ్రి కృష్ణమాచార్యులు సంస్కృతం, తెలుగు తెలిసిన పండితుడు. తల్లి పేరు అలమేలుమంగమ్మ. అన్నమయ్య జన్మంతా ఎవరి సరసన స్వామిని నిలిపి పాడాడో ఆ అమ్మ పేరే. పాట మీద మక్కువ ఆమె దగ్గర నుంచే వచ్చిందని చెబుతారు. ఆ రోజుల్లో ఇళ్లలో ఆడవారు పాడే మేలుకొలుపులు, మంగళహారతులు, తిరగటి పాటలే పిల్లలకు తొలి సంగీతం. వాటికి నేర్పే గురువూ లేడు, రాసిన పుస్తకమూ లేదు. చెవినుంచి చెవికి నడిచేవి. వారి ఇంటిపేరు కర్నమడకల అయినా లోకానికి ఆయన పుట్టిన వూరి పేరుతోనే తెలిశారు.

చదువుకోసం ఆయన వెళ్లింది మద్రాసుకు కాదు, మైసూరుకు. మన ప్రాంతం వారికి ఇందులో వింత లేదు. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగుళూరికి మీటరుగేజి రైలు 1890ల్లోనే పడింది. మద్రాసు రాజధానిలో వున్నా మన వాళ్లకు సంత, వైద్యం, చదువు బెంగుళూరు, మైసూరు వైపే దగ్గర. భాష కూడా అంతే. హిందూపురం అంగళ్లలో ఇప్పటికీ ఒక మాట తెలుగు, ఒక మాట కన్నడం. శర్మగారికి రెండు భాషలూ వచ్చు. కన్నడంలోనూ రచనలు చేశారు.

మైసూరు పరకాల మఠంలో ఆయన సంస్కృతం చదివారు. అదే కాలంలో మహారాజా కళాశాలలో పనిచేస్తున్న కట్టమంచి రామలింగారెడ్డి గారి కంటపడ్డారు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్‌చాన్సలర్ అయిన మనిషి ఆయన. ఆయన ప్రోత్సాహంతో 1912లో, అంటే పందొమ్మిదేళ్ల వయసులో, శర్మగారు మహారాజా కళాశాలలో తెలుగు పండితుడయ్యారు. దాదాపు 38 ఏళ్లు అక్కడే పాఠం చెప్పారు. ఇంగ్లీషు డిగ్రీలు లేని పల్లెటూరి కుర్రవాడు అంత పెద్ద కళాశాలలో అంతకాలం నిలవడం చిన్న సంగతి కాదు.

బ్యాండువారి ముందు కాగితం

మైసూరు అప్పుడు సంగీతానికి రాజధాని. నాల్వడి కృష్ణరాజ ఒడయరు స్వయంగా వాద్యాలు వాయించేవారు. ఆస్థానంలో మైసూరు వాసుదేవాచార్యులు తెలుగులో, సంస్కృతంలో కృతులు కడుతున్నారు. బిడారం కృష్ణప్ప కచేరీలు చేస్తూ, ఇల్లిల్లూ తిరిగి చందా పోగుచేసి శ్రీరాముని పేర మందిరం కట్టిస్తున్నారు. శర్మగారు కృష్ణప్ప వంటి విద్వాంసుల దగ్గర గాత్రం నేర్చుకున్నారు. పగలు తెలుగు పాఠం, మిగతా పొద్దంతా పాట.

ఆ ప్యాలెసులోనే ఇంగ్లీషు బ్యాండు ఒకటి, కర్ణాటక వాద్యాల బ్యాండు ఒకటి వుండేవి. దసరా వూరేగింపులో ఇంగ్లీషు బ్యాండు నడిచేది. ఆ బ్యాండుకూ మన మేళానికీ పెద్ద తేడా ఒకటుంది. మన సన్నాయి విద్వాంసుడు గురువు వాయించగా విని పట్టుకుంటాడు, మనసు పుట్టినప్పుడు పెంచుతాడు, తుంచుతాడు. ఇంగ్లీషు బ్యాండులో ప్రతివాడి ముందూ ఒక కాగితం వుంటుంది. ఎవరు ఎప్పుడు ఏ స్వరం వాయించాలో దాని మీద రాసి వుంటుంది. బాణీ కట్టినవాడు చచ్చి వందేళ్లయినా, సముద్రం అవతల వున్నా, కాగితం ముందు పెట్టుకుంటే పాట లేస్తుంది. కాగితం తలకట్టున బాణీ కట్టినవాడి పేరు కూడా వుంటుంది.

మన దేశంలోనూ పెద్దవారు ఆ బ్యాండుల మాట విన్నారు. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు కోటలో కంపెనీవారి బ్యాండు విని ఆ బాణీలకు సంస్కృతంలో మాటలు కూర్చారు. వాటికి 'నోటు స్వరాలు' అని పేరు. ఇంగ్లీషు 'నోటు'ను మన నోటి తీరుకు మార్చి పెట్టుకున్న పేరది. సంగీతం నేర్చుకునే పిల్లలు ఇప్పటికీ వాటిని శంకరాభరణంలో పాడతారు. మన పొరుగున మదనపల్లెలో 1919లో రవీంద్రనాథ ఠాగూరు బిసెంట్ కళాశాలకు వచ్చినప్పుడు, అక్కడ వున్న మార్గరెట్ కజిన్స్ అనే ఐరిష్ దొరసాని ఆయన పాడిన 'జనగణమన'కు స్వరం రాసి పెట్టారు. ఆగస్టు 15న హిందూపురం నుంచి ఢిల్లీ దాకా పోలీసు బ్యాండ్లన్నీ ఒకే బాణీలో వాయించగలుగుతున్నాయంటే ఆ పాట కాగితం మీదకు ఎక్కినందువల్లనే.

అన్నమయ్య పాటకు లేనిది ఆ కాగితమే.

వేమన, ధర్మవరం, నాటకం

బాణీల సంగతికి పోయేముందు శర్మగారి మిగతా పని కొంత చెప్పుకోవాలి. లేకుంటే ఆయన పాటగాడు మాత్రమే అనుకునే ప్రమాదం వుంది.

1928లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆహ్వానం మీద వేమన గురించి ఉపన్యాసాలిచ్చారు. అవి 'వేమన' పేర పుస్తకంగా వచ్చాయి. కదిరి దగ్గర కటారుపల్లిలో సమాధి వున్న మన వేమనను అప్పటిదాకా చాలామంది పండితులు కవిగా లెక్కపెట్టేవారు కాదు. నూతి దగ్గరా, నాగలి దగ్గరా వినిపించే పద్యం పండితుల సభలో నిలవదనుకునేవారు. బ్రౌనుదొర 1829లోనే ఆ పద్యాలను అచ్చువేయించినా మనవారికి పట్టలేదు. సంప్రదాయ పండితుడైన శర్మగారు ఆ వేమనను తలకెత్తుకుని, అయినా గుడ్డిగా పొగడకుండా, మంచిచెడ్డలు విప్పి చెప్పారు. నూరేళ్లు కావస్తున్నా వేమన మీద రాసేవారు ఆ పుస్తకం చూడకుండా కలం పట్టరు.

నాటకం మీద ఆయన ఉపన్యాసాలు 'నాటకోపన్యాసములు'గా వచ్చాయి. నాటకం అంటే మన ధర్మవరం వారికి ప్రత్యేకించి చెప్పనక్కరలేదు. ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో ఆ వూళ్లో పుట్టినవారు. బళ్లారిలో ప్లీడరీ చేస్తూ సరసవినోదినీ సభను నడిపి, నాటకాలు రాసి, ఆడించి, తెలుగు నాటకంలో పాటకు చోటు కల్పించారు. ఆయన 1912లో కన్నుమూశారు. అదే ఏడు శర్మగారు మైసూరులో ఉద్యోగంలో చేరారు. నాటకంలో పాట వుండాలా, వుంటే ఎంత వుండాలి అన్న గొడవ ఆ తర్వాత చాలాకాలం నడిచింది. సురభివారి నాటకాలు పందిట్లో చూసిన మన పెద్దలను అడిగితే వారి తీర్పు ఒకటే: హార్మనీ పెట్టె లేనిదే నాటకమేమిటి?

ప్రాకృతంలోని గాథాసప్తశతి నుంచి ఏరిన గాథలను తెనిగించారు. 'గానకల', 'సారస్వతాలోకము' అనే వ్యాస సంపుటాలు వెలువరించారు. ఆ వ్యాసాల్లో మళ్లీ మళ్లీ వచ్చే సంగతి ఒకటే. సంగీతానికీ సాహిత్యానికీ పొత్తు ఎలా కుదరాలన్నది. ఆ ఆలోచనే తిరుపతిలో పనికి వచ్చింది.

తిరుపతిలో రెండో జీవితం

చాలామందికి ఉద్యోగ విరమణ అంటే వాలుకుర్చీ. శర్మగారికి అసలు పని అప్పుడే మొదలయింది. తిరుమల తిరుపతి దేవస్థానం తాళ్లపాక రేకులను బయటకు తీసి అచ్చువేయించే పని అప్పటికే సాగిస్తోంది. ఆ పనికి ప్రాణం పోసిన వేటూరి ప్రభాకరశాస్త్రి గారు 1950 ఆగస్టులో కన్నుమూశారు. ఆ బరువు శర్మగారి మీద పడింది. శ్రీవేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థలో కూచుని సంపుటం తర్వాత సంపుటం పరిష్కరించారు.

రేకు చదవడం అంటే చిట్టా పుస్తకం చదవడం కాదు. చెక్కినవాడు అక్షరం తప్పినచోట్లు వుంటాయి. మాటకూ మాటకూ మధ్య జాగా వుండదు. పాదం ఎక్కడ తెగుతుందో గుర్తు వుండదు. అయిదు వందల ఏళ్లనాటి పల్లెమాటలు, వంటింటి మాటలు, చేను మాటలు అందులో వుంటాయి. నిఘంటువు వెతికితే కొన్ని దొరకవు. ముసలమ్మను అడిగితే దొరకవచ్చు. రాయలసీమ పల్లెలో పుట్టినవాడికి ఆ మాటల్లో చాలా వాటిని చెవి ముందే గుర్తుపడుతుంది.

అర్థం తేలాక పాట. ఇక్కడ రెండు రకాల పండితులు చిక్కుపడతారు. సాహిత్యం తెలిసినవాడికి సంగీతం రాదు. పాడగలిగినవాడికి పాతమాట తెలియదు. తెలియని మాటను మధ్యలో విరిచి రాగం తీస్తే 'రామ' అన్నది 'రా' ఒకచోట, 'మ' ఒకచోట అవుతుంది. శర్మగారికి రెండూ వచ్చు. రేకు మీది రాగం పేరు చూసి, ఆ రాగం నడిచివచ్చిన చరిత్ర చూసి, యతిప్రాసలు ఎక్కడ పడుతున్నాయో చూసి పాదం తెంపి, ఆ పాదం నడకకు ఏ తాళం ఒదుగుతుందో చూసి, అప్పుడు పల్లవి ఎత్తుకోవాలి. అన్నమయ్యే సంకీర్తనలకు లక్షణం చెబుతూ సంస్కృతంలో ఒక గ్రంథం రాశాడు. అది పోయింది. దానికి మనుమడు చేసిన తెలుగు మాత్రం మిగిలింది. దారి చూపే దీపం అదొక్కటే.

అలా నూరుకు పైగా పాటలు సాగాయి. పద్నాలుగు వేలలో నూరంటే ఎంత అని ఎవరైనా అడగవచ్చు. బావిలో మొదటి బిందె నీళ్లు తోడినవాడిని 'ఒక్క బిందేనా' అని అడిగినట్టు వుంటుంది. ఆ నూరు పాటలకూ ఆయన స్వరం రాసి పెట్టారు. దేవస్థానం వాటిని అచ్చువేసింది. మైసూరు బ్యాండువారి ముందు వున్నటువంటి కాగితం అన్నమయ్యకూ దొరికింది. అందువల్ల ఆయనను చూడనివారు, ఆయన గొంతు విననివారు కూడా ఆ పాటను ఆయన కట్టినట్టే పాడగలరు.

శర్మగారి బాణీలు విన్నవారికి ఒక సంగతి తెలుస్తుంది. వాటిలో ఆర్భాటం తక్కువ. సంప్రదాయ కృతి నడకలో నెమ్మదిగా సాగుతాయి. వూరేగింపులో బ్యాండుకు పనికివచ్చే హుషారు వాటిలో లేదని కొందరనవచ్చు, అది నిజమే కావచ్చు కూడా. ఆయన కట్టింది గుడిలో, ఇంట్లో, కచేరీలో కూచుని పాడుకునేందుకు. తర్వాత తరం వచ్చి వేగం పెంచింది.

తర్వాతి వారు

1978లో దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టును పెట్టింది. నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు వందల పాటలకు బాణీలు కట్టి వూరూరా పాడారు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి 'బాలాజీ పంచరత్నమాల' రికార్డులతో అన్నమయ్య పాట తెలుగు రాని ఇళ్లలో కూడా వినిపించింది. ఆకాశవాణి భక్తిరంజని ప్రతి తెల్లవారీ ఆ పని ఎప్పటి నుంచో చేస్తూ వచ్చింది. ఆ తర్వాత క్యాసెట్లు, సినిమా, ఇప్పుడు సెల్‌ఫోను.

ఒకే పాటకు ఇద్దరు ముగ్గురు బాణీలు కట్టినవి కూడా వున్నాయి. అందులో తప్పు లేదు. అసలు బాణీ లేనిచోట ఎవరి కష్టం వారిది. తప్పు మరోచోట వుంది. మైకు ముందు నిలబడిన వ్యాఖ్యాత పాట రాసినవారి పేరు చెబుతాడు, పాడేవారి పేరు బిరుదులతో చెబుతాడు. బాణీ ఎవరిదో చెప్పడు. సినిమాపాట అయితే సంగీత దర్శకుడి పేరు పసిపిల్లవాడికి కూడా తెలుసు. భక్తిపాట దగ్గరకు వచ్చేసరికి బాణీ ఆకాశం నుంచి పడినట్టే. దానితో రెండు నష్టాలు. కట్టినవారికి పేరు రాదు. వినేవారు అది అన్నమయ్య స్వయంగా పాడిన బాణీయే అనుకుంటారు. పదిమంది విద్వాంసులు ఏళ్ల తరబడి చేసిన పని అసలు జరగనట్టే అవుతుంది.

లేపాక్షి రాతి మేళం

హిందూపురానికి 14 కిలోమీటర్ల దూరంలో వున్న లేపాక్షికి వెళ్లినవారు నాట్యమండపంలో తల ఎత్తి చూసే వుంటారు. అక్కడి స్తంభాల మీద ఒక మేళమే వుంది. రంభ నాట్యం చేస్తుంటుంది. బ్రహ్మ మద్దెల వాయిస్తుంటాడు. తుంబురుడు వీణ పట్టుకుంటాడు. నంది హుడుక్క మోగిస్తుంటాడు. పెనుకొండలో కోశాధికారిగా వున్న విరూపణ్ణ, అచ్యుతరాయల కాలంలో, అంటే 1530ల ప్రాంతంలో ఆ గుడి కట్టించాడని ప్రసిద్ధి. అన్నమయ్య పోయి అప్పటికి ముప్ఫై ఏళ్లు. ఆ కాలపు వాద్యాలు కంటికి కనిపిస్తున్నాయి, చప్పుడు మాత్రం లేదు. రాగిరేకుది ఎటువంటి మౌనమో రాతిదీ అటువంటి మౌనమే.

శర్మగారు ఆ నాట్యం వైపు కూడా చేయి చాపారు. కాకతీయ గణపతిదేవుని గజసేనాని జాయప 13వ శతాబ్దంలో సంస్కృతంలో రాసిన 'నృత్తరత్నావళి'ని ఆయన తెలుగు చేశారు. అప్పటి దేశినాట్యాల వివరాలు, పల్లె ఆటల వివరాలు అందులో వున్నాయి. ఆ పుస్తకం చదివి లేపాక్షి స్తంభాల ముందు నిలబడితే ఏ బొమ్మ కాలు ఎందుకు అలా వంగిందో కొంతైనా తెలుస్తుంది. గైడు చెప్పే కథకు అది మంచి తోడు.

పెనుకొండలో పెరిగిన మరో మహాకవి పుట్టపర్తి నారాయణాచార్యులు గారు కూడా ఇటువంటి మనిషే. ఆయన ఇటు కవిత్వం, అటు పాట, మరోవైపు నాట్యం నేర్చినవారు. చిన్నతనంలో రాసిన 'పెనుగొండలక్ష్మి' పెద్దయ్యాక తన పరీక్షకే పాఠ్యపుస్తకమైందన్న సంగతి జిల్లాలో తెలియనివారు వుండరు. వానలు సరిగా పడని ఈ నేల ఒకే కాలంలో ఇద్దరికి మాటనూ పాటనూ కలిపి ఇచ్చింది.

1979 మార్చి 11

గుర్తింపు శర్మగారికి బొత్తిగా రాలేదని అనడానికి లేదు. వచ్చింది, ముసలితనంలో వచ్చింది. 1970లో కేంద్ర సంగీత నాటక అకాడమీ ఆయనను ఫెలోగా ఎన్నుకుంది. 1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ 'సంగీత కళానిధి' బిరుదునిచ్చింది. కర్ణాటక సంగీతంలో దానికి మించిన బిరుదు లేదంటారు. కచేరీలు చేసి పేరు తెచ్చుకునే గాయకులకు ఎక్కువగా దక్కే ఆ బిరుదు, జీవితమంతా పాఠం చెబుతూ, రేకులు చదువుతూ గడిపిన తెలుగు పండితుడికి దక్కింది. అప్పటికి ఆయనకు 81 ఏళ్లు.

2022 ఏప్రిల్‌లో జిల్లా రెండుగా చీలినప్పుడు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. కంబదూరు, రాళ్లపల్లి అనంతపురం జిల్లాలోనే మిగిలాయి. కాగితం మీద గీత పడినా ఆయన రెండు జిల్లాలవారికీ మనవాడే. బళ్లారి నుంచి అనంతపురం 1882లో విడిపోయినప్పుడు ధర్మవరం రామకృష్ణమాచార్యుల వారు బళ్లారిలో వుండి మనవారు కాకుండా పోలేదు కదా.

ఇక తిరుపతి దేవస్థానం ఆయనను ఆస్థాన విద్వాంసునిగా గౌరవించింది. ఎవరి పాటలకోసం ముసలితనమంతా వెచ్చించారో ఆ స్వామి కొలువులో విద్వాంసుని పదవి. ఆ గౌరవం ఆయనకు అందిన రోజు 1979 మార్చి 11. ఆయన కన్నుమూసిందీ ఆ రోజే.